దీపం దాకా భవనమే

ఫిబ్రవరి 6

బావగారికి నమస్కారాలు.

ఇక్కడ అందరం బాగున్నాం, నిద్ర ఒక్కటే లేదు. పాప పగలంతా పడుకుని రాత్రుళ్లు రాజ్యమేలుతోంది. ఇంట్లో పెద్దవాళ్లం ముగ్గురం పొద్దున్నే ఎర్రటి కళ్లతో ఒకరినొకరు చూసుకుంటున్నాం. ఫోన్ చేద్దామంటే మీరు "ఊ", "సరే" తప్ప మూడో మాట అనరు. ఏది దేనికి జవాబో తేల్చుకోలేక ఉత్తరం రాస్తున్నాను.

అక్క వచ్చి నెలయింది. అనుకున్నది నెలే. మా ఆవిడకి ఇంకా పురిటి నీరసం పూర్తిగా తగ్గలేదు. అక్కని ఇంకో నెల ఉంచుకోమంటారా, పంపించేయమంటారా అని మిమ్మల్ని అడగాలి. అడగమన్నది ఎవరో రాయొద్దని అడగమన్న మనిషి చెప్పింది. మా ఆవిడ మాత్రం కాదు.

ఇంకో సంగతి. మొన్న ఆదివారం అక్కని మా భవనం పై అంతస్తు గ్యాలరీకి తీసుకెళ్లాను. నేను రోజూ కింద కిటికీలో కూర్చుని జనానికి టిక్కెట్లు చింపుతానే గానీ, మన మనిషిని వెంటబెట్టుకుని పైకి వెళ్లడం ఇదే మొదలు. ఊరంతా కనిపించింది. అక్క చూసి "బాగానే ఉంది" అంది. ఆవిడ నోట అది పెద్ద మెప్పు కింద లెక్క.

ఆ గ్యాలరీ గోడకి ఒక పొడుగాటి బోర్డు ఉంటుంది. ఈ ప్రాంతం మొత్తంలో ఎత్తయిన పది భవనాల బొమ్మలు వరసగా గీసి, కింద ఊరి పేరు, మీటర్లు వేశారు. మాది నాలుగోది, 274 మీటర్లు. అక్క ఆ చివర నుంచి ఈ చివరకి, ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. "మీ బావ పనిచేసేది ఏదిరా?" అంది. లేదన్నాను. "లేకపోవడం ఏమిటి, ఆయన రోజూ ఎక్కుతూనే ఉన్నాడుగా" అంది. నేను నవ్వాను. తను నవ్వలేదు.

జవాబు త్వరగా రాయండి.

మీ బావమరిది

*

ఫిబ్రవరి 14

బావమరిదికి,

ఉత్తరం అందింది. పాపకి ఆశీస్సులు.

ఆవిడ సౌకర్యం చూసుకుని రావచ్చు. ఇక్కడ ఏ ఇబ్బందీ లేదు. పక్కింటావిడ కూర పంపుతోంది.

బోర్డు గురించి. అందులో పదో భవనం ఎత్తు ఎంత? మాది పైకప్పు వరకు 219 మీటర్లు. పైన యాంటెనా స్తంభం 27. స్తంభం చివర ఎర్రదీపం. విమానాలకి కనపడాలని పెట్టింది. దాని పని నాదని నీకు తెలుసు. మొత్తం 246. కనుక్కుని రాయి.

గాలి తగ్గింది. పైకి వెళ్లాలి.

బావ

*

ఫిబ్రవరి 22

బావగారికి,

మీ ఉత్తరం చదివితే కరెంటు బిల్లు చదివినట్టుంది. కానీ మా ఇంట్లో దాన్ని మూడుసార్లు చదివిన మనిషి ఉంది. మొదటిసారి నిలబడి, రెండోసారి కూర్చుని, మూడోసారి వంటింట్లో పొయ్యి దగ్గర.

తర్వాత నాతో జరిగిన సంభాషణ ఇది.

"సౌకర్యం చూసుకుని రావచ్చట."

"అవునక్కా. మంచిమాటేగా."

"ఇబ్బందేమీ లేదట."

"నువ్వు బెంగపడతావని రాసుంటారు."

"నేనెందుకు బెంగపడతాను? కూర వస్తోందిగా. ఏ పక్కింటావిడ? కుడి పక్కా, ఎడమ పక్కా?"

నాకేం తెలుసు బావా. నాకు మీ ఇంటి కుడి ఎడమలు తెలియవని చెప్తే, "మగాళ్లంతా ఒకటే" అని పాపని ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్లిపోయింది. కాబట్టి దయచేసి ఏ పక్కో రాయండి. నేను అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాను.

ఇక బోర్డు. పదోది 231 మీటర్లు. మా మేనేజరుని అడిగాను. ఈయన్ని మేమంతా మీటరుగారు అంటాం. మాట్లాడితే మీటర్లే. ఆయన చెప్పిన నియమం ఏమిటంటే, భవనంతో పాటు కట్టిన శిఖరమైతే ఎత్తులో కలుపుతారు, తర్వాత నిలబెట్టిన యాంటెనా స్తంభాన్ని కలపరు. ప్రపంచమంతా ఇదే లెక్కట. కాబట్టి మీది 219. పన్నెండు మీటర్లు తక్కువ. గొడుగు పట్టుకున్నంత మాత్రాన మనిషి పొడుగు కాడు కదా బావా. ఈ ముక్క నాది కాదు, మీటరుగారిది. కానీ బాగుందని రాస్తున్నాను.

అన్నట్టు అక్క సౌకర్యం చూసుకుంది. మా గ్యాలరీలో దుర్భిణి దగ్గర నిలబడి వచ్చినవాళ్లకి ఊరు చూపించే అమ్మాయి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. మనిషి దొరికేదాకా అక్క మధ్యాహ్నాలు వెళ్తానంది. ఊరు కొత్త కదా, ఏం చెప్తావు అంటే, "కనిపించేది చెప్తాను, కనిపించకపోతే అడుగుతాను" అంది. మీటరుగారు వెంటనే ఒప్పేసుకున్నాడు.

మీ బావమరిది

*

మార్చి 3

బావమరిదికి,

ఎడమ పక్క. ఆవిడకి మనవడి పెళ్లి కూడా అయింది. కూరలో ఉప్పు ఉండదు. డాక్టరు వద్దన్నాడట. నాకు కాదు, ఆవిడకి.

ఉద్యోగం సంగతి మంచిదే.

స్తంభం సంగతి మాత్రం అన్యాయం. స్తంభం భవనం కాదంటే, మొన్న నేను దీపం మార్చింది దేని మీద నిలబడి? గాల్లో నిలబడా? రేపు నేను అక్కడి నుంచి జారితే, పేపరువాళ్లు "భవనం మీద నుంచి పడి" అనే రాస్తారు. "భవనం అయిపోయాక ఉన్న స్తంభం మీద నుంచి" అని రాయరు. పడేవాడికి లెక్కలోకి వచ్చింది, ఎక్కేవాడికి ఎందుకు రాదు?

గొడుగు పోలిక కూడా కుదరదు. గొడుగు మడిచి చంకలో పెట్టుకోవచ్చు. స్తంభాన్ని పెట్టుకోమను.

దీపం దాకా భవనమే. ఇది మీ మీటరుగారికి చదివి వినిపించు.

బావ

*

మార్చి 12

బావగారికి,

చదివి వినిపించాను. మీటరుగారు నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, "ఈయన ఏ సంస్థ తరఫున రాస్తున్నాడు?" అన్నాడు. మా బావండీ అన్నాను. "బావ సరే, ఏ సంస్థ?" అన్నాడు. మీ భవనం పేరు చెప్పాను. అది తప్పయిందని తర్వాత తెలిసింది. మీ యాజమాన్యం బోర్డులో చోటు కోసం పోటీకి దిగిందనీ, రేపోమాపో స్తంభానికి రేకు తొడిగి శిఖరం అంటారనీ ఆయనకి అనుమానం పట్టుకుంది. రెండు రోజులుగా పై అధికారులకి రిపోర్టు రాస్తున్నాడు. మీ వాళ్లు నిజంగా రేకు కొన్నారా ఏమిటి?

ఇంట్లో ఇంకో చిక్కు. ఎడమ పక్క అని చెప్పగానే అక్క శాంతించింది. ఉప్పు సంగతి విని నవ్వింది కూడా. అంతా సర్దుకుందనుకున్నాను. ఆ తర్వాత "ఉద్యోగం గురించి ఏమన్నాడు?" అంది. మంచిదే అన్నారు అన్నాను.

"మంచిదే, తర్వాత?"

"తర్వాత స్తంభం."

"మంచిదేకీ స్తంభానికీ మధ్య ఏమీ లేదా?"

ఉత్తరం చేతికిచ్చాను. వెనక్కి తిప్పి కూడా చూసింది. అప్పటిదాకా మంచం కింద ఉన్న తన పెట్టెని ఆ సాయంత్రం నా చేత అటక మీద పెట్టించింది. నేను స్టూలెక్కి పెడుతుంటే, "ఇంకా లోపలికి నెట్టు" అంది. అందుకని నెట్టాను.

గ్యాలరీలో మాత్రం ఆవిడ పేరు మారుమోగిపోతోంది. ఇదివరకు దుర్భిణి దగ్గర జనం ఒక్క క్షణం నిలబడి పోయేవాళ్లు. ఇప్పుడు వరస కడుతున్నారు. "ఆ నీలం అద్దాల భవనం ఉందే, అందులో ఆరో అంతస్తులో ఒకాయన రోజూ ఈ వేళకి మొక్కలకి నీళ్లు పోస్తాడు, చూడండి" అంటుంది. వాళ్లు చూస్తారు. ఆయన పోస్తూ ఉంటాడు. మా భవనం ఎత్తు గురించి చెప్పమంటే మాత్రం "బోర్డు మీద రాసుంది" అంటుంది. మీటరుగారు రోజూ వచ్చి ఆవిడ పక్కన గంటసేపు నిలబడి వింటున్నాడు. ఇద్దరూ ఊళ్లో ఒక్కో భవనం చూస్తూ ఎంత ఎత్తుంటుందో పందాలు కాసుకుంటున్నారు.

మీ బావమరిది

*

మార్చి 19

బావమరిదికి,

రేకు ఎవరూ కొనలేదు.

మీ మేనేజరు ఎంత ఎత్తు?

బావ

*

మార్చి 26

బావగారికి,

మీ ఉత్తరం ఇంత చిన్నదిగా ఉండేసరికి కవరులో ఇంకో కాగితం ఇరుక్కుందేమోనని చింపి చూశాను.

మీ ప్రశ్నకి జవాబు: మేనేజరు యాభై ఎనిమిదో అంతస్తులో కూర్చుంటాడు. నేలమట్టం నుంచి సుమారు 250 మీటర్లు. అంటే ఆయన కుర్చీ మీ దీపం కంటే ఎత్తులో ఉంది. చెప్తే మీకు కోపం వస్తుందేమో గానీ, అడిగారు కాబట్టి చెప్పాలి.

పాపకి పళ్లు రాకుండానే కొరకడం వచ్చింది. మా ఆవిడ కోలుకుంది. నిజానికి ఇప్పుడు అక్క లేకపోయినా ఇల్లు గడుస్తుంది. ఈ మాట నేను ఇంట్లో అనలేను, మీకు రాస్తున్నాను. మీరు అర్థం చేసుకోండి.

మీ బావమరిది

*

ఏప్రిల్ 2

బావమరిదికి,

నేనడిగింది కుర్చీ ఎత్తు కాదు. మనిషి ఎత్తు. వయసు కూడా రాయి.

అర్థం చేసుకోమన్నావు. చేసుకున్నాను. ఆవిడ వెళ్లిపోతే ఇబ్బంది అని చెప్పలేక, లేకపోయినా గడుస్తుందని మర్యాదకి రాశావు. ఉంచుకో. నాకేం తొందర లేదు.

మీ బోర్డులో ఇంకో తప్పు ఉంది. పది ఊళ్ల భవనాల్ని ఒకే నేల మీద పక్కపక్కన నిలబెట్టారు. అవి అలా ఎక్కడా ఉండవు. ఒక్కోటి ఒక్కో ఊళ్లో, వాటి పక్కన చిన్నవి ఉంటాయి కనుక పెద్దవిగా ఉంటాయి. మా భవనం చుట్టూ ఇరవై అంతస్తులు దాటినవి నాలుగే. వాటి మధ్య మాది నిలబడ్డ తీరు చూడాలి. మీ ఊళ్లో అన్నీ పొడుగే. పెళ్లి ఫోటోలో వెనక వరసలో నిలబడ్డవాళ్లలా ఉంటాయి. ఎవరు ఎవరో తెలియదు.

అయితే స్తంభం మీద నుంచి చూస్తే ఊరి వరసంతా కనిపిస్తుంది గానీ అందులో మన భవనం ఉండదు. దాని మీదే ఉన్నాం కాబట్టి. అది కనపడాలంటే నది అవతల గట్టుకి వెళ్లాలి. ఒకసారి మీ అక్కని తీసుకెళ్లాను. దీపం వెలిగే వేళకి. "నువ్వేనా అది వెలిగించేది" అంది. దానంతట అదే వెలుగుతుంది, పాడైతే నేను మారుస్తానని చెప్పాను.

మీ మేనేజరు సంగతి రాయడం మరిచిపోకు.

బావ

*

ఏప్రిల్ 10

బావగారికి,

మీటరుగారు అయిదడుగుల రెండంగుళాలు. అరవై దగ్గర పడ్డాడు. నెత్తి మీద పదకొండు వెంట్రుకలు ఉంటే పన్నెండోదాని కోసం దువ్వెన జేబులో పెట్టుకుంటాడు. ఆయన భార్య రోజూ మధ్యాహ్నం డబ్బా తెచ్చి ఎదురుగా కూర్చుని తినిపించి వెళ్తుంది. అక్కతో ఆవిడకి మంచి స్నేహం. మీకిప్పుడు కూడు సహిస్తుందనుకుంటాను. ఇదే మాట మొదటే అడిగితే నేను యాభై ఎనిమిదో అంతస్తు ఎక్కేవాణ్ణి కాదు కదా.

పోతే, మర్యాద అన్నారు. బావా, నేను మర్యాదకి రాసే మనిషిని కాదని మా ఊళ్లో అందరికీ తెలుసు. మీ ఇద్దరి మధ్యా నా బతుకు టిక్కెట్టు కిటికీ అయిపోయింది. అటువాళ్లు ఇటు డబ్బులేస్తారు, ఇటునుంచి అటు టిక్కెట్టు నెడతాను, ఎవరూ నా మొహం చూడరు.

ఇప్పుడు అసలు సంగతి. మా గ్యాలరీ నుంచి జనం కిందికి దిగి నా కిటికీ దగ్గరకొచ్చి ఒకే ప్రశ్న వేస్తున్నారు: "ఆ ఎర్రదీపం భవనం బోర్డులో ఎందుకు లేదు?" మొదట అర్థం కాలేదు. తర్వాత పైకి వెళ్లి అక్క వెనక నిలబడి విన్నాను. మా ఊరు చూపించడం అయిపోగానే, జనాన్ని బోర్డు దగ్గరకి తీసుకెళ్తోంది. పదో భవనం పక్కన ఖాళీ గోడ ఉంది. ఆ ఖాళీ గోడ చూపించి మీ భవనం గురించి చెప్తోంది.

"దీని పక్కన ఇంకోటి ఉంది. ఇక్కడ వేయలేదు. దాని మీద ఇరవై ఏడు మీటర్ల స్తంభం, స్తంభం కొసన దీపం. గాలికి స్తంభం ఊగుతుంది. దీపం పాడైతే ఒకే ఒక్క మనిషి ఎక్కి మారుస్తాడు. కిందికి దిగాక ఏం చూశావయ్యా అంటే ఏమీ లేదంటాడు."

ఒక పెద్దాయన "ఆయన మీకు తెలుసా?" అని అడిగాడు. "కొంచెం" అంది.

మా భవనానికి టిక్కెట్టు కొని ఎక్కిన జనానికి మీ భవనం చూపిస్తోంది బావా, అదీ ఉత్త గోడ మీద. మీటరుగారికి తెలిసిపోయింది. తిడతాడనుకున్నాను. జనం ఎక్కువసేపు ఉంటున్నారు, పైన టీ ఎక్కువ అమ్ముడుపోతోంది, అందుకని ఆయన ఒక దారి వెతికాడు. పది భవనాల పక్కన "లెక్కలోకి రానివి" అని చిన్న అక్షరాలతో రాసి మీది కూడా వేస్తాడట. మీరు బొమ్మ గీసి పంపాలి. నియమం: మిల్లీమీటరుకి ఒక మీటరు. నేల దగ్గర కొలత తెలియడానికి ఒక మనిషి బొమ్మ.

ఇది అక్కతో చెప్పాను. సంతోషిస్తుందనుకున్నాను. "మీటర్లు చాలు. రమ్మని ఒక్క మాట రాయమను. అది రాస్తే అటక మీద పెట్టె నేనే దింపుకుంటాను, నీ స్టూలు కూడా అక్కర్లేదు" అంది. ఈసారి ఎవరన్నారో రాయొద్దని కూడా అనలేదు. కాబట్టి రాస్తున్నాను. అక్షరాలు రెండు మూడు కన్నా పట్టవు. రాసేయండి.

మీ బావమరిది

*

ఏప్రిల్ 17

బావమరిదికి,

బొమ్మ దీంతో పంపుతున్నాను. స్తంభం, దీపం వేశాను. "లెక్కలోకి రానివి" అనే మాటకి నా అభ్యంతరం రాసి పెట్టుకోమను.

కింద ఇద్దరు మనుషుల్ని వేశాను. ఒకరితో కొలత కుదరలేదు.

రెండో సంగతి ఆలోచిస్తున్నాను.

బావ

*

ఏప్రిల్ 24

బావగారికి,

ఈ వారం మా ఆఫీసులో పని జరగలేదు, మీ బొమ్మ జరిగింది.

మీటరుగారు భూతద్దం పెట్టి చూశాడు. భవనం బాగుందన్నాడు. "ఈ ఇద్దరెవరు?" అన్నాడు. కొలతకండీ అన్నాను. "కొలతకి ఒకరు. ఏ ఊరి బోర్డయినా ఒకరే. ఇద్దర్ని వేస్తే జనం భవనం వదిలేసి వీళ్లని చూస్తారు. పైగా ఒకరు పొడుగు, ఒకరు పొట్టి, దేనితో కొలవాలి?" అని రబ్బరు తీశాడు.

అప్పుడే అక్క వచ్చింది. బొమ్మ తీసుకుని కిటికీ వెలుతురులో పెట్టుకుంది. ఆడమనిషి వెంట్రుకవాసి పొడుగ్గా ఉంది, మగమనిషి పక్కన కాస్త కిందగా ఉన్నాడు. ఆ కొలత లెక్కన అసలు మనుషులకి రెండంగుళాల తేడా. నేను నోరు జారి, "ఇదేమిటక్కా, మీ పెళ్లి ఫోటోలో బావ నీకన్నా పొడుగ్గా ఉన్నాడే" అన్నాను. "అప్పుడు మెట్టు మీద నిలబడ్డాడు" అంది. "తర్వాత ప్రతి ఫోటోలో నన్ను కూర్చోబెట్టాడు."

నేను అక్కని పుట్టినప్పట్నుంచీ చూస్తున్నాను, అలా నవ్వడం చూడలేదు. మీటరుగారు రబ్బరు జేబులో పెట్టుకున్నాడు. ఏ ఒక్కర్ని చెరిపినా తను ఆ రోజే మానేస్తానని చెప్పింది మరి.

ఇక పని అయిపోయింది, పెట్టె దింపుతుందనుకున్నాను. ఇంటికొచ్చాక అడిగాను. "బొమ్మ బొమ్మే, మాట మాటే" అంది. "బాగానే గీశాడు. రమ్మనలేదుగా." మీ ఇద్దరిలో ఎవరు ఎక్కువ మొండో కూడా ఒక బోర్డు వేయించాలి. మీటర్లు చాలవు.

తొందరపడండి బావా. మీటరుగారు అక్కని శాశ్వతంగా తీసుకుంటానన్నాడు. ఈ నెలాఖరుకల్లా ఏ సంగతో చెప్పాలి. అక్కకి ఆ పనంటే ప్రాణం. ఆవిడ నోరు తెరిస్తే నలభై మంది వింటున్నారు. నాతో మాత్రం, "మీ బావ రమ్మంటే వెళ్తాను, అనకపోతే ఉంటాను, అంతే" అంది. అంటే ఇప్పుడంతా మీ చేతిలో ఉంది. నా చేతిలో ఎప్పుడూ ఏమీ లేదు.

మీకు సంతోషం కలిగించే కబురు ఒకటి. మా భవనం శిఖరం మీద ఎర్రదీపం వారం నుంచి వెలగడం లేదు. ఎక్కే మనిషి మోకాళ్లు అరిగి మానేశాడు. కొత్తవాడు ఒకడొచ్చి సగం ఎక్కి దిగిపోయి, కింద కూర్చుని మంచినీళ్లు తాగి, ఇంటికెళ్లిపోయాడు.

మీ బావమరిది

*

ఏప్రిల్ 28

బావమరిదికి,

ఈ ఉత్తరం త్వరగా చేరాలని ఎక్కువ డబ్బులిచ్చి పంపుతున్నాను.

నువ్వు చెప్పిన మాట రాద్దామని కూర్చున్నాను. అక్షరాలు రెండు మూడే, నిజమే. రాశాను. చూశాను. ఆ కాగితం పంపబుద్ధి కాలేదు. కారణం చెప్తాను. రమ్మంటే వస్తుంది. వచ్చి ఇక్కడేం చేస్తుంది? అక్కడ నలభై మంది వింటున్నారన్నావు. ఇక్కడ వినేది నేనొక్కణ్ణి. నేనూ సగం రోజు పైనే ఉంటాను. దిగాక ఏం చూశావంటే ఏమీ లేదంటానట. ఆ మాట నిజమే. చూడక కాదు, చెప్పడం రాదు. ఆవిడకి వచ్చు. చూడకుండానే ఉత్త గోడ మీద చూపించింది.

సౌకర్యం అని మొదటిసారి రాసినప్పుడు నా ఉద్దేశం వేరు. ఇబ్బంది లేదన్నదీ అంతే. ఇబ్బంది ఉంది. ఉప్పు ఒక్కటే కాదు.

మీ శిఖరం సంగతి నిన్న మా సూపర్‌వైజరుతో మాట్లాడాను. అతను మీ మీటరుగారితో ఫోన్లో మాట్లాడాడు. మీటరుగారు ముందు అనుమానపడ్డాడట, పోటీ సంస్థ మనిషిని పంపుతోంది, ఇందులో ఏదో ఉందని. వెలగని దీపానికి రోజూ జుర్మానా పడుతోందని గుర్తు చేస్తే ఒప్పుకున్నాడట. ఇక్కడి దీపం నా తోటివాడికి అప్పగించాను. స్తంభం ఎక్కడ ఊగుతుందో, ఏ మెట్టు వదులుగా ఉందో చూపించాను. నేను వస్తున్నాను.

ఆవిడని ఆ ఉద్యోగానికి సరేననమను. సంతకం పెట్టేటప్పుడు నా గురించి ఆగనక్కర్లేదు. ఉండడానికి మీ ఇంట్లో చోటు చాలదు, దగ్గర్లో ఒక గది చూసి పెట్టు. పై అంతస్తు అవసరం లేదు. రోజూ ఎక్కేవాడికి ఇల్లు నేల మీద ఉంటే చాలు.

మీ భవనం ఎక్కువ ఎత్తని నేను వస్తున్నానని మీటరుగారు అనుకోకూడదు. మీ 274లో శిఖరం ఎంతో ఆయన ఇంతవరకు విడిగా చెప్పలేదు. దాన్ని ఎక్కి చూశాక ఆ మాట మాట్లాడతాను. స్తంభం విషయంలో నా అభిప్రాయం అలాగే ఉంది.

బండి శుక్రవారం ఉదయం చేరుతుంది. సామాను తక్కువ, నువ్వు సెలవు పెట్టనక్కర్లేదు. మీ అక్కని స్టేషనుకి రమ్మను.

బావ